కాసూలే: 1355 నాటి కథ, మూడు ఊళ్ల తగవు, వడ్డించే పద్ధతి

మిరియాల డబ్బా

ఫ్రాన్స్ నైరుతి ప్రాంతపు వంటల గురించి చదువుతూ కాసూలే దగ్గర ఆగిపోయాను. తెల్ల చిక్కుడు గింజలను పంది మాంసం, బాతు మాంసం, సాసేజీలతో కలిపి మట్టిపాత్రలో గంటల తరబడి మగ్గబెట్టే ఈ వంటకం గురించి ఎక్కడ చదివినా మొదటి పేరాలో 1355 నాటి ముట్టడి కథే కనిపిస్తోంది. ఒకరు రాసినదాన్ని మరొకరు ఎత్తి రాస్తున్నారేమోనన్న అనుమానం కలిగింది. అందుకని ఈ చర్చావేదికలోని పెద్దలను మూడు విషయాలు అడగాలనుకుంటున్నాను. ఆ కథలో నిజమెంత? కాస్తెల్‌నోదరి, కార్కాసొన్, తులూజ్ అనే మూడు ఊళ్లూ ఇది మాదంటే మాదని వాదించుకుంటాయి కదా, వాటి వంటల మధ్య తేడా ఏమిటి? చివరిగా, దీన్ని ఎలా వడ్డిస్తారు, పక్కన ఏమి పెట్టుకుని తింటారు?

పాతకోట

మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు చెబుతాను. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, నూరేళ్ల యుద్ధకాలంలో ఇంగ్లీషు సేన కాస్తెల్‌నోదరిని చుట్టుముట్టింది. తిండి అడుగంటిపోయిన దశలో ఊరివారు ఇంటింటా మిగిలిన గింజలూ మాంసమూ పోగుచేసి ఒకే పాత్రలో వండుకుని తిన్నారు. ఆ సత్తువతో గేట్లు తెరుచుకుని బయటపడి శత్రువును ఇంగ్లీషు చానెల్ ఒడ్డు దాకా తరిమికొట్టారు. పటం ముందు పెట్టుకుంటే ఈ ఆఖరి మాటకు నవ్వు రాక మానదు. కాస్తెల్‌నోదరి మధ్యధరా సముద్రానికి దగ్గరగా ఉంది, చానెల్ దేశానికి ఆ కొసన ఉంది.

చరిత్ర చెప్పేది వేరు. 1355 అక్టోబరులో ఇంగ్లాండు రాజు మూడవ ఎడ్వర్డు పెద్ద కుమారుడు, తరువాతి కాలం వారు బ్లాక్ ప్రిన్స్ అని పిలిచిన యువరాజు, బోర్డో నుంచి బయలుదేరి, ఈ ఊళ్లున్న లాంగ్‌దొక్ ప్రాంతం మీద పడ్డాడు. కోటల ముందు నెలల తరబడి కాచుకుని కూర్చోవడం ఆ దండయాత్ర ఉద్దేశం కాదు. దారిలోని ఊళ్లను దోచుకుంటూ తగలబెడుతూ పోయి, ఫ్రెంచి రాజుకు పన్ను రాబడి లేకుండా చేయడం, తన ప్రజలను కాపాడుకోలేని రాజని అతన్ని లోకం ముందు నిలబెట్టడం దాని పని. తులూజ్‌ను పక్కకు వదిలి గారోన్, ఆరియేజ్ నదులు దాటిన ఆ సేన చేతికి అక్టోబరు చివరిలో కాస్తెల్‌నోదరి చిక్కి కాలిపోయింది. కార్కాసొన్‌లో దిగువ పట్టణం బూడిదైంది, కొండమీది కోట మాత్రం నిలిచింది. యువరాజు నార్బొన్ దాకా వెళ్లి, కొల్లగొట్టిన సొత్తుతో తీరికగా బోర్డోకు తిరిగి వచ్చాడు. అతన్ని ఎవరూ తరమలేదు. ఓడి కాలిపోయిన ఊరు, తరువాత ఎప్పుడో, తనకు తాను ఒక విజయగాథను వండిపెట్టుకుందని నా అభిప్రాయం.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం గింజల దగ్గరే ఉంది. ఈనాటి కాసూలేలో వేసే తెల్ల గింజలు మన రాజ్మా జాతివి. ఆ జాతి అమెరికా ఖండాలది. కొలంబస్ 1492లో అట్లాంటిక్ దాటిన తరువాతే అది ఐరోపాకు చేరింది. కాబట్టి 1355 నాటి పాత్రలో ఏమి ఉడికినా ఈ గింజ మాత్రం ఉడికి ఉండదు.

సందేహాల సంచి

పాతకోట గారి వాదం కాదనలేనిదే. అయితే ముట్టడి కథ తప్పయినంత మాత్రాన వంటకానికి పాత మూలాలు లేవని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. అమెరికా గింజ రాకముందు ఐరోపాలో గింజలే లేవా? ఫావా చిక్కుళ్లు అక్కడ ప్రాచీన కాలం నుంచి పండుతున్నాయి. మనం బొబ్బర్లు, అలసందలు అని పిలిచే గింజలూ మధ్యధరా తీరాన ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎండు గింజలను ఉప్పు పట్టించిన మాంసంతో కలిపి సన్నని సెగ మీద మగ్గబెట్టడం ఆ ప్రాంతపు రైతు ఇళ్లలో మధ్యయుగం నాటికే ఉండి ఉంటే అందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. కొందరు ఈ పద్ధతిని స్పెయిన్‌లోని అరబ్బుల ద్వారా వచ్చిన గొర్రెమాంసం, ఫావా గింజల వంటకంతో ముడిపెడతారు. అది వినడానికి బాగుంది కాని, ఒక వంటకం నుంచి మరొక వంటకానికి గీత గీసి చూపించే పత్రమేదీ ఎవరూ ముందు పెట్టలేదు.

నా దృష్టిలో అమెరికా గింజ పాత వంటకంలోకి మెల్లగా చొరబడి, పాతవాటిని పక్కకు నెట్టేసింది. ఫావా గింజకు తోలు మందం, ఒక్కొక్కటే ఒలవాలి. కొత్త గింజకు తోలు పలచన, లోపల వెన్నలాంటి పిండి, కొవ్వును మాంసం రసాన్ని ఇట్టే పీల్చుకుంటుంది. వండేవాళ్లు ఏది ఎంచుకుంటారో చెప్పనక్కర లేదు.

పాతకోట

ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఈ సందర్భంలోనే కాథరిన్ ద మెదిచీ పేరు కూడా వినిపిస్తుంది. 1533లో ఫ్రెంచి రాకుమారుడిని పెళ్లాడటానికి ఇటలీ నుంచి వచ్చినప్పుడు ఆమె ఈ గింజలను వెంట తెచ్చిందని చెబుతారు. ఆమెకు తల్లి వైపు నుంచి లొరాగే ప్రాంతం వారసత్వంగా దక్కింది, కాస్తెల్‌నోదరి ఆ ప్రాంతపు ముఖ్యపట్టణం. కాబట్టి ఆమెకూ ఆ నేలకూ సంబంధం ఉన్న మాట నిజం. పెళ్లి సామానులో గింజల సంచి ఉందన్నది మాత్రం కథగానే వినాలి. ఫ్రాన్స్‌లో ఏ వంట మూలం వెతికినా చివరకు ఆమె పెట్టె దగ్గరకే తీసుకువెళ్లే అలవాటు ఒకటి ఉంది.

గారోన్ గట్టు

ఉద్యోగరీత్యా తులూజ్‌లో ఉంటున్నాను. ఇక్కడి విమాన పరిశ్రమ పుణ్యమా అని మన తెలుగువాళ్లు కూడా ఈ ఊళ్లో బాగానే ఉన్నారు. మూడు ఊళ్ల తగవు గురించి నేను రాస్తాను.

కార్కాసొన్‌లో పుట్టిన ప్రోస్పేర్ మోంతాన్యే అనే పేరుమోసిన వంటవాడు 1929లో ఈ తగవును ఒక చమత్కారంతో తీర్చబోయాడు. కాసూలే ఒక్సితాన్ (దక్షిణ ఫ్రాన్స్) వంటలకు దేవుడని, ఆ దేవుడు ముగ్గురు మూర్తులుగా ఉన్నాడని, తండ్రి కాస్తెల్‌నోదరి, కుమారుడు కార్కాసొన్, పరిశుద్ధాత్మ తులూజ్ అని ఆయన రాశాడు. తగవు తీరలేదు సరికదా, మూడు ఊళ్లకూ గొప్ప చెప్పుకోవడానికి ఒక వాక్యం దొరికింది.

తేడాల విషయానికి వస్తే, కాస్తెల్‌నోదరి పద్ధతిలో పంది మాంసానిదే పెత్తనం. పంది కాలి మాంసం, చర్మం, సాసేజీ, వీటికి తోడు బాతు లేదా హంసబాతు కాన్ఫీ ఉంటాయి. కాన్ఫీ అంటే కాళ్లను ఉప్పులో ఊరబెట్టి, వాటి కొవ్వులోనే సన్నని సెగ మీద ఉడికించి, ఆ కొవ్వు కిందనే నిలవ ఉంచిన మాంసం. కార్కాసొన్ పద్ధతిలో గొర్రె మాంసం చేరుతుంది, వేట కాలంలో కౌజు జాతి పక్షి మాంసం కూడా పడేదని అంటారు. మా తులూజ్ పద్ధతిలో ఊరి పేరు మోసే సాసేజీ తప్పనిసరి, దానితో పాటు కాన్ఫీ, ఒక్కోసారి గొర్రె మాంసం. ఆ సాసేజీలో ముతకగా తరిగిన పంది మాంసం, ఉప్పు, మిరియాలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. విక్టర్ హ్యూగో బజారులోని మాంసం దుకాణాల్లో దాన్ని జిలేబీలా చుట్ట చుట్టి పెడతారు. ఎంత కావాలో చెబితే ఆ కొస నుంచి కోసి తూస్తారు.

అయితే నిజం చెప్పాలంటే ఈ మూడు గీతలూ ఇప్పుడు చెరిగిపోయాయి. తులూజ్ హోటళ్లలో నేను తిన్న వాటిలో గొర్రె మాంసం కనిపించినవి అరుదు. కాస్తెల్‌నోదరిలో తులూజ్ సాసేజీ లేకుండా ఎవరూ వండడం లేదు. బాతు కాన్ఫీ అయితే మూడు చోట్లా రాజ్యమేలుతోంది.

1966లో ఫ్రెంచి పాకశాస్త్ర ప్రముఖుల సభ ఒకటి కొలతలు కూడా నిర్ణయించింది. పంది, గొర్రె లేదా హంసబాతు కాన్ఫీ కలిపి కనీసం 30 శాతం, మిగతా 70 శాతంలో గింజలు, మాంసం రసం, తాజా పంది చర్మం, సుగంధ ఆకులు ఉండాలని చెప్పింది. నాకు ఇందులో నచ్చిన విషయం, పెద్ద భాగం గింజలకే ఇవ్వడం. కొత్తగా తినేవారు పాత్రలో మాంసం ఎంత ఉందని వెతుకుతారు, ఇక్కడివారు గింజ ఎలా ఉడికిందని చూస్తారు.

మట్టిమూకుడు

పాత్ర గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. వంటకానికి పేరు ఇచ్చినదే ఆ పాత్ర. కాసోల్ అంటారు. కాస్తెల్‌నోదరికి ఉత్తరాన ఉన్న ఇస్సెల్ అనే పల్లె ఒకప్పుడు దీనికి ప్రసిద్ధి. ఇప్పటికీ కెనాల్ దు మిది అనే కాలువ ఒడ్డున మాస్ సాంత్ ప్యుయెల్ అనే ఊళ్లో ఒక కుటుంబం చేత్తోనే చేస్తోంది.

దాని రూపం చూస్తే వంట రహస్యం సగం తెలిసిపోతుంది. అడుగు ఇరుకు, మూతి బాగా వెడల్పు, గోడలు మందం, లోపల మెరిసే గాజుపూత, బయట పచ్చి ఎర్రమట్టి రంగు. మూతి వెడల్పుగా ఉండబట్టి పొయ్యి వేడి తగిలే పైభాగం ఎక్కువవుతుంది, అక్కడే కాసూలేకు పేరు తెచ్చిన గోధుమరంగు పొర కడుతుంది. అడుగు ఇరుకు కాబట్టి రసం అక్కడ నిలిచి గింజలు అడుగంటకుండా కాపాడుతుంది. మందపాటి మట్టి గోడ వేడిని మెల్లగా తీసుకుంటుంది, బల్ల మీదకు వచ్చాక మెల్లగానే వదులుతుంది. ఇదే వంటను లోతైన స్టీలు గిన్నెలో చేస్తే రుచి రావచ్చు గాని, పైపొర రెండు మూడు గరిటెలకే అయిపోతుంది.

ఉప్పూకారం

పొర ఎలా కడుతుందో, ఎవరైనా వంట క్రమాన్ని మొదటి నుంచి చెప్పగలరా? ఏడుసార్లు పొరను విరగ్గొట్టాలని చదివాను. ఏడే ఎందుకు?

గారోన్ గట్టు

కాస్తెల్‌నోదరిలో కాసూలే పరువు కాపాడటానికి ఒక సంఘం ఉంది. అంగీలతో, తల మీద పాత్ర ఆకారపు టోపీలతో ఊరేగే పెద్దమనుషుల సంఘం అది. వారు ప్రకటించిన క్రమాన్నే నలుగురికి సరిపోయే కొలతలతో చెబుతాను.

350 నుంచి 400 గ్రాముల ఎండు తెల్ల గింజలను రాత్రంతా చల్లని నీళ్లలో నానబెట్టాలి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 5 నిమిషాలు మరిగించి, ఆ నీళ్లు కూడా వంపేయాలి. కోడి ఎముకలు లేదా పంది ఎముకలు, ఉల్లి, క్యారెట్లతో, సగం పంది చర్మంతో విడిగా రసం కాచి వడకట్టుకోవాలి. కొవ్వుతో కలిపి నూరిన వెల్లుల్లిని కూడా వేసి, ఆ రసంలో గింజలను గంటసేపు, మెత్తబడి కూడా చిట్లకుండా నిలిచేటంతవరకు ఉడికించాలి. ఇక్కడే చాలామంది తప్పిపోతారు, గింజ పూర్తిగా ఉడికాక పొయ్యిలో పెడితే మూడు గంటల్లో గుజ్జయిపోతుంది.

ఈలోగా కాన్ఫీ ముక్కలను వేడిచేసి కొవ్వు కరిగించుకోవాలి. ఆ కొవ్వులోనే సాసేజీలను, తరువాత పంది మాంసం ముక్కలను బాగా ఎర్రగా వేయించి తీయాలి. కాసోల్ లోపల అడుగునా గోడలకూ పంది చర్మపు ముక్కలు పరచాలి. మూడోవంతు గింజలు, వాటి మీద మాంసాలు, మిగతా గింజలు, పైన సాసేజీలను వీపు కనిపించేలా గుచ్చాలి. గింజలు మునిగీ మునగనట్టు వేడి రసం పోసి, మిరియాలు చల్లి, ఒక చెంచా బాతు కొవ్వు వేసి, 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచాలి.

పొర కట్టేది గింజల నుంచి ఊరిన పిండి, చర్మం నుంచి కరిగిన జిగురు కలిసి. అది బంగారు గోధుమ రంగుకు తిరిగినప్పుడల్లా గరిటె వీపుతో గింజలు నలగకుండా లోపలికి నొక్కాలి, ఎండినట్టు కనిపిస్తే కొంచెం రసం పోయాలి. లోపలికి వెళ్లిన పొర రసాన్ని చిక్కబరుస్తుంది, పైన కొత్త పొర కడుతుంది. పాతకాలపు వాళ్లు ఏడుసార్లు అనేవారు, సంఘం వారు కూడా ఆ మాటను అవ్వల మాటగానే చెబుతారు. లెక్కకన్నా చూపు ముఖ్యం. మూడు గంటల్లో ఏడుసార్లు కావాలంటే ఓవెన్ తలుపు దగ్గరే కాపురం పెట్టాలి.

సందేహాల సంచి

పొర త్వరగా రావడానికి బ్రెడ్ పొడి చల్లడం చాలా వంటకాల పుస్తకాల్లో ఉంది. మరికొందరు టమాటా వేస్తారు. ఇవి తప్పులా?

గారోన్ గట్టు

కాస్తెల్‌నోదరివారి ముందు బ్రెడ్ పొడి ఊసెత్తకండి. సంఘం వారి క్రమంలో అది లేదు. తులూజ్‌లో వేసేవాళ్లు ఉన్నారు, వాళ్లనెవరూ ఊరి నుంచి వెలివేయలేదు. నా మాట చెప్పమంటే, గింజలూ పంది చర్మమూ సరిగ్గా ఉన్న పాత్రకు బ్రెడ్ పొడి అవసరం రాదు. అది కనిపించిందంటే నాకు రసం పలచనైందన్న అనుమానం వస్తుంది. టమాటాను కొద్దిగా వేసే ఇళ్లు ఉన్నాయి. కాని పులుపు తగిలితే గింజ మెత్తబడటం ఆలస్యమవుతుంది, కాబట్టి గింజలు ఉడికాకే వేయాలి. మనవాళ్లు పప్పు మెదిగాకే చింతపండు రసం పోయడానికి కారణం కూడా ఇదే.

ఉప్పూకారం

ఆ మాట బాగా పట్టుబడింది. ఇప్పుడు నా అసలు ఇబ్బంది. మేము హైదరాబాదులో ఉంటాము, ఇంట్లో పంది మాంసం తినరు. బాతు దొరకదని కాదు గాని, కాన్ఫీ చేసుకునే ఓపిక లేదు. కార్కాసొన్ పేరు చెప్పుకుని గొర్రె మాంసంతో చేస్తే కాసూలే అనిపించుకుంటుందా? గింజలకు ఏమి వాడాలి?

మట్టిమూకుడు

పంది లేని పాత్రను కాస్తెల్‌నోదరివారు కాసూలే అనరు, ఆ మాట ముందే చెప్పడం మంచిది. కాని వంట పద్ధతిని నిలుపుకోవచ్చు. పంది చర్మం చేసే పని రసానికి జిగురు ఇవ్వడం. ఆ పని మేక కాళ్లు అంతకన్నా బాగా చేస్తాయి. కాళ్ల రసాన్ని ముందు రోజే కాచి వడకట్టి, అందులో గింజలు ఉడికించండి. మాంసానికి గొర్రె మెడ లేదా భుజం, ఎముకతో సహా, ముందుగా బాగా వేయించినది వాడండి. మసాలా దినుసుల డబ్బా మూసి ఉంచడం మీకు అన్నిటికన్నా కష్టమైన నియమం కావచ్చు. వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు దాటకూడదు.

గింజలకు బజారులో దొరికే తెల్ల రాజ్మా సరిపోతుంది. ఫ్రాన్స్‌లో కాస్తెల్‌నోదరి దగ్గర పండే లాంగో రకానికి, పిరెనీ కొండల కింద మొక్కజొన్న కాండాలకు పాకించి పెంచే తార్బే రకానికి పేరు. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. మనకు ముఖ్యమైనది రకంకన్నా వయసు. ఆ ఏటి పంట అయితే గంటలో మెత్తబడుతుంది. కొట్లో రెండేళ్లు పడి ఉన్న గింజ రోజంతా ఉడికించినా రాయిలాగే ఉంటుంది, బోరు నీళ్లలో సున్నం ఎక్కువైనా అదే గతి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. రాజ్మా జాతి గింజల్లో ఉండే లెక్టిన్ అనే పదార్థం సరిగ్గా ఉడకకపోతే వాంతులు తెప్పిస్తుంది. ఎర్ర రాజ్మాలో అది ఎక్కువ, తెల్లవాటిలో తక్కువ. నానబెట్టిన గింజలను నేరుగా సన్నని సెగ కుక్కర్‌లో పడేయకుండా, ముందు పది నిమిషాలు తెర్ల కాచడం క్షేమం.

మిరియాల డబ్బా

అందరికీ ధన్యవాదాలు. నా మూడో ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. వడ్డన సంగతి గారోన్ గట్టు గారే చెప్పాలి.

గారోన్ గట్టు

కాసూలే గిన్నెల్లోకి మారకుండా, వండిన పాత్రలోనే బల్ల మీదకు రావాలి. కాస్తెల్‌నోదరిలో ఒక హోటల్లో చూసినది చెబుతాను. ఇద్దరికి సరిపోయే కాసోల్‌ను ఒక చెక్కపలక మీద పెట్టి తెచ్చారు. పొర అంచుల దగ్గర కొవ్వు ఇంకా చిటపటలాడుతోంది, మధ్యలో సాసేజీల వీపులు నల్లగా మాడీ మాడనట్టు ఉన్నాయి. వడ్డించే ఆవిడ గరిటెను నిలువుగా దింపి, పొరతో సహా అడుగు దాకా ఒక్క కోత కోసి పళ్లెంలో పెట్టింది. ఎక్కడా కలపలేదు. మేము గరిటె అందుకోబోతే వద్దని చేత్తోనే వారించింది. కలిపితే పొర మెత్తబడిపోతుంది, గింజలు చిట్లుతాయి, ఎవరి పళ్లెంలోకి ఏ మాంసం రావాలో ఆ లెక్క కూడా తప్పుతుంది. ప్రతి ఒక్కరికీ ఒక కాన్ఫీ ముక్క, ఒక సాసేజీ ముక్క, కొంచెం పొర రావాలన్నది మర్యాద.

పక్కన ఎక్కువ ఏమీ ఉండవు. వెనిగర్ పులుపు తగిలే పచ్చి ఆకుల సలాడ్, రొట్టె, ఆ ప్రాంతపు ఎర్ర ద్రాక్షసారా, అంతే. కోర్బియేర్, మినెర్వ్వా, ఫీతూ, కయోర్ వంటి గట్టి రకాలనే ఎంచుతారు. ముందు వేరే వంటకాలు తిని దీని దగ్గరకు రావడం తెలివితక్కువ. ఇది మధ్యాహ్న భోజనం, అందులోనూ ఆదివారం మధ్యాహ్నం, తరువాత పనులేవీ పెట్టుకోని రోజున తినేది. వేసవిలో అసలు గుర్తుకే రాకూడని వంట. అయినా కాస్తెల్‌నోదరివారు దీని పండుగను మాత్రం ఆగస్టు ఎండల్లోనే జరుపుకుంటారు, వేల పళ్లేలు ఖాళీ అవుతాయి.

సందేహాల సంచి

మరి డబ్బాల్లో అమ్మేది? ఫ్రాన్స్‌లో ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ కాసూలే డబ్బాలు బారులు తీరి ఉంటాయని విన్నాను.

గారోన్ గట్టు

ఉంటాయి. కాస్తెల్‌నోదరిలోనే డబ్బాల కర్మాగారాలు ఉన్నాయి, ఆ ఊరి పేరు దేశమంతా తెలియడానికి వాటి పాత్ర తక్కువదేమీ కాదు. చవక డబ్బాల్లో టమాటా గుజ్జు ఎక్కువ, మాంసం తక్కువ, సాసేజీ పేరుకే. కాస్త ఖరీదైన గాజు సీసాల్లో బాతు కాన్ఫీతో వచ్చేవి ఫరవాలేదు. వాటిని సీసాలోనే వేడిచేసి తినకండి. మట్టిపాత్రలోకి మార్చి, ఓవెన్‌లో పొర కట్టేంతవరకు ఉంచితే గౌరవప్రదంగా ఉంటుంది.

ఇంట్లో వండినది మిగిలితే మరీ మంచిది. రాత్రి చల్లబడ్డాక రసమంతా గింజల్లోకి ఇంకి గట్టిపడుతుంది. మరునాడు కొంచెం రసం లేదా నీళ్లు పోసి, 150 డిగ్రీల దగ్గర గంటన్నర వేడిచేస్తే కొత్త పొర కడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో అతిథులు వచ్చే రోజుకు ముందు రోజే వండిపెట్టుకుంటారు.

ఉప్పూకారం

అయితే శనివారం గింజలు నానబెట్టి, ఆదివారం వండి, సోమవారం సెలవు కనుక ఆ మధ్యాహ్నం వడ్డిస్తాను. మేక కాళ్లకు మా కొట్టువాడికి ఈ రోజే చెప్పి వచ్చాను. ఇక కాసోల్ బదులు వెడల్పు మూతి ఉన్న మట్టి దాక ఓవెన్ వేడికి నిలుస్తుందా, మట్టిమూకుడు గారూ?

మట్టిమూకుడు

నిలుస్తుంది, కాని పూత లేని కొత్త దాక అయితే ముందు ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరనివ్వండి. చల్లని ఓవెన్‌లోనే పెట్టి అప్పుడు వేడి పెంచండి. మధ్యలో పోసే రసం తప్పకుండా వేడిగా ఉండాలి, చల్లని రసం తగిలితే దాక పగులుతుంది. బయటికి తీశాక తడి గచ్చు మీద దించకుండా చెక్కపీట మీదో, మడత పెట్టిన గోనె మీదో దించండి.